మేడమీది యెండ

ఈ శీర్షిక క్రింద మేమింతవఱకు ఊఱగాయల నిలువను గుఱించియు, పాలవాని లెక్కను గుఱించియు, పిల్లల చదువును గుఱించియు వ్రాయుచు వచ్చితిమి. ఈ మాసమున సోలారు పలకల ప్రస్తావన చూచి, "ఇది మగవారు చూచుకొను వ్యవహారము గదా, మనకేల?" యని మీలో కొందఱనుకొనవచ్చును. మేమును మొన్నమొన్నటివఱకు అట్లే తలచితిమి. కాని యొక చిన్న కాగితపు కట్ట మా తలపును మార్చినది. అది మా అక్కగారి కుమార్తె చేత బట్టుకొని వచ్చిన ప్రతిపాదన పత్రము. సంస్థలవారు దానిని ప్రపోజలందురు.

మా చిన్నది బి.టెక్. చదివి, ఇండ్ల పైకప్పులమీద సౌరవిద్యుత్తు నమర్చు ఒక చిన్న సంస్థలో ఆఱు నెలల క్రిందట చేరినది. పని కాయము కాలేదు. అమ్మకము కుదిరిన నెలలో జీతమునకు తోడు కొంత కమిషను వచ్చును. కుదరని నెలలో యజమాని ముఖము ముడుచుకొనును. ఆశ్వయుజ మాసమున నొక యాదివారమునాడు అది మా యింటికి వచ్చి, "పిన్నీ, ఫిల్మునగరులో నొక యింటికి ప్రపోజలు వ్రాయవలెను. ఆ యింటి పెద్దావిడ నన్నేమేమో అడుగుచున్నది, నాకు సగము తెలియుట లేదు. నీవు నాతో రారాదా?" అని బ్రతిమాలినది. మా యింటివారు బడి పరీక్షల కాగితములు దిద్దుకొనుచు, "వెళ్లి రండి, వంట నేను చూచుకొందును" అనిరి. ఆ వంట యెట్లున్నదో చెప్పుట ఈ వ్యాసమునకు సంబంధించినది కాదు.

యూసుఫ్‌గూడ నుండి ఆటో యెక్కి, జూబిలీ హిల్సు చెక్‌పోస్టు దాటి, బండరాళ్ల నడుమ నెత్తుపల్లముల దారిని ఫిల్మునగరు చేరితిమి. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మదరాసును విడిచి హైదరాబాదునకు తరలివచ్చిన కాలమున ఈ కొండలే దానికి నెలవైనవి. అక్కినేని నాగేశ్వరరావుగారు స్థాపించిన అన్నపూర్ణ స్టూడియో 1976 జనవరిలో ఈ చెంతనే ప్రారంభమైనది. రామానాయుడుగారి స్టూడియో ఫిల్మునగరులోనే కలదు. పైని పెద్ద బంగాళాలు, క్రింది సందులలో దీపములు మోయువారు, తెఱలు కుట్టువారు, వేషములు దిద్దువారు కట్టుకొన్న చిన్న యిండ్లు. మేము పోవలసినది అట్టి చిన్న యిల్లే. రెండంతస్తులది; క్రింద దంపతులు కాపురముండి, పై వాటాను అద్దె కిచ్చిరి.

ఆ యింటి పెద్దాయన నలువదేండ్లు షూటింగులలో లైటుమాను పని చేసినవాడట. ఇప్పుడు ఊపిరితిత్తుల జబ్బుతో మంచము పట్టియున్నాడు. ముక్కునకు సన్నని గొట్టము, మంచము ప్రక్కను గురగురలాడుచు గాలినుండి ప్రాణవాయువును తీయు యంత్రము. ఆ యంత్రము కరెంటుతో నడచును. ఇల్లాలికి అఱువదేండ్లుండును. ఆమె మాకు మజ్జిగ యిచ్చి, బీరువానుండి ఒక రంగురంగుల పత్రమును తెచ్చి చిన్నదాని చేతిలో పెట్టినది. వేసవిలో మఱియొక సంస్థవారు వచ్చి వ్రాసి యిచ్చిన ప్రపోజలది. దానిమీద పెద్ద యక్షరములలో "5 కిలోవాట్లు. ఇకమీదట మీ బిల్లు సున్న" అని యుండెను. వెల 3,10,000 రూపాయలు. ప్రభుత్వపు సబ్సిడీ 78,000 పోగా 2,32,000.

"చీటీ పాడిన డబ్బు రెండు లక్షల ముప్పదివేలు బ్యాంకులో నున్నది. ఉన్నదంతయు దీనికే పోవును. పోయినను సరే, కరెంటు పోయినప్పుడు ఈ మిషను ఆగకుండ నుండిన చాలునమ్మా" అని యామె యనినది.

చిన్నది మా ముఖము చూచినది. ఆ చూపునకు అర్థము మాకప్పుడు తెలియలేదు. పిదప చెప్పెదము.

ముందు మేడ యెక్కితిమి. చిన్నది కొలటేపు తీసి, పొడవు నలువది యడుగులనియు, వెడల్పు ముప్పదియనియు వ్రాసికొన్నది. నైరృతి మూలను మెట్లగది, దానిపై నీళ్ల ట్యాంకు. దక్షిణపు గోడ నానుకొని పొరుగువారి క్రొత్త కట్టడము. అది మా కాళ్ల క్రింది కప్పుకంటె ఇరువది యడుగులు ఎత్తు లేచియున్నది. చిన్నది ఫోనులో ఏవేవో దిక్కులు చూచుచు, "పిన్నీ, నీడ ఎంతవఱకు వచ్చునో లెక్క కట్టవలెను" అనుచుండెను. అప్పుడు మాకు తోచినదే అడిగితిమి.

"అమ్మగారూ, మీరు వడియములు ఎచ్చట ఎండబెట్టుదురు?"

ఆమె నవ్వి, "వేసవిలోనైన ఈ మేడ యంతయు నాదే. చీరలు పఱచి ఎచ్చటనైన పెట్టుదును. ధనుర్మాసములో మాత్రము ఈ దక్షిణపు వైపున తడి గుడ్డ కూడ ఆఱదు. ఈ గోడ లేచిన తరువాత రెండేండ్లనుండి చలికాలమున ఈశాన్యపు మూలకే పోవుచున్నాను" అని చేయి చూపినది.

సోదరీమణులారా, ఆ యొక్క మాటలో రంగుల పత్రమున లేని విషయమంతయు నున్నది. ఆ పత్రము వ్రాసినవారు మే నెల మొదటి వారములో, నడిమధ్యాహ్నము వచ్చిరట. హైదరాబాదు ఉత్తర అక్షాంశము పదునేడున్నర భాగలకు మించదు. కావున ఏటికి రెండు మాఱులు సూర్యుడు మన నడినెత్తిమీదికి వచ్చును. 2023లో ఇచ్చట మే 9వ తేదీనాడును, ఆగస్టు 3వ తేదీనాడును నిలువుగా నాటిన కఱ్ఱకు నీడ లేకపోవుటను జనులు చూచి వేడుక పడిరి. అట్టి దినములలో వచ్చినవానికి ఇరువది యడుగుల గోడ నీడయు గోడ క్రిందనే దాగియుండును. మేడ యంతయు ఎండయే. అబద్ధ మాడవలయునని అతనికి లేకపోవచ్చును. అతడు చూచిన దినమే అట్టిది.

దక్షిణాయనము వచ్చుకొలదిని సూర్యుడు దక్షిణమునకు జరుగును. పంచాంగమున మకర సంక్రమణము జనవరి 14వ తేదీ ప్రాంతమున వచ్చుచున్నను, ఆకాశమున సూర్యుడు తన దక్షిణపు కొనను ముట్టుట డిసెంబరు 21, 22 తేదీలలోనే. ఆనాటి మిట్టమధ్యాహ్నమున హైదరాబాదులో సూర్యుడు దిఙ్మండలమునకు రమారమి 49 భాగల యెత్తున మాత్రమే నుండును. ఆ లెక్క ప్రకారము ఇరువది యడుగుల గోడ పదునేడడుగుల నీడను ఉత్తరముగా పఱచును. ఉదయ సాయంకాలములందు నీడ యింకను పొడవు. నైరృతిని ట్యాంకు మఱియొక నీడను తెచ్చును. చిన్నది ఇదంతయు కాగితముపై గీచి చూపగా, ఆ యిల్లాలు తాను వడియములకు విడిచిపెట్టిన భాగమును, లెక్కలో నీడ పడు భాగమును ఒక్కటే యగుట చూచితిమి.

నీడతో వచ్చు చిక్కు ఇంకొకటి యున్నది. ఈ పలకలను దండలోని పూసలవలె ఒకదాని వెంట నొకటి తీగతో కలుపుదురు. నీటి గొట్టమును ఒకచోట నొక్కిపట్టిన కడవఱకు ధార సన్నబడునట్లు, ఒక్క పలకమీద నీడ పడినను ఆ వరుస బలము తగ్గవచ్చును. తగ్గకుండుటకు లోపల కొన్ని యుపాయములు పెట్టియున్నను, నీడలో కూర్చున్న పలక ఎండలోని పలక కాజాలదు. ఐదు కిలోవాట్లకు రమారమి 500 చదరపు టడుగుల నీడలేని చోటు కావలెను. అచ్చట ఏడాది పొడుగునను ఎండ కాయు చోటు మూడు కిలోవాట్లకే సరిపోవును.

క్రిందికి దిగి వచ్చి పెద్దాయనకు ఈ సంగతి చెప్పితిమి. ఆయన గొట్టము సవరించుకొని, మెల్లగా, "మా పనిలోను అంతేనమ్మా. కొత్తవాడు ముందు దీపము పెట్టును. పాతవాడు ముందు నీడ ఎచ్చట పడునో చూచును" అనెను. చలనచిత్రములు పుట్టిన నాట ఆ పరిశ్రమ అంతయు సూర్యునిపైననే యాధారపడి యుండెను. 1893లో అమెరికాలో ఎడిసనుగారి పనివారు కట్టిన తొలి చిత్రశాలకు కప్పు తెఱచుకొనునట్లు ఏర్పాటు చేసి, ఆ కట్టడమునంతటిని ఎండ వెంట త్రిప్పుచుండిరట. నేటికిని బయటి షూటింగులలో తెల్లని పలకలతో ఎండను పట్టి నటుల ముఖములపై వేయుదురు. ఆ పనిలో ముదిసినవానికి మా చిన్నదాని లెక్క వింత గాకపోవుట సహజమే.

ఆనాటి రాత్రి మా యింటి భోజనపు బల్లమీద ప్రపోజలు వ్రాయుటకు కూర్చుంటిమి. అది ఎట్లు తయారగునో చెప్పెదము. మీ యింటికి ఒకటి వచ్చినప్పుడు చదువుట తెలియును.

మొదటిది, పండ్రెండు నెలల కరెంటు బిల్లులు. ఒక్క నెల బిల్లు చూచి లెక్క కట్టువానిని నమ్మరాదు. ఆ యింట మే నెలలో 600 యూనిట్లు, డిసెంబరులో 260, ఏడాదికి మొత్తము 4,800. అనగా నెలకు సగటున 400. తెలంగాణములో 2022 ఏప్రిల్ నుండి అమలునకు వచ్చిన ధరలలో, నెలకు 200 దాటి వాడు గృహములకు మొదటి 200 యూనిట్లు ఒక్కొక్కటి 5 రూపాయల 10 పైసలు. తరువాతి నూఱు 7 రూపాయల 70 పైసలు. ఆ పై నూఱు 9 రూపాయలు. 400 దాటి 800 వఱకు 9 రూపాయల 50 పైసలు. ఆ లెక్కను మే నెల వాడకమునకు 4,590 రూపాయలు, డిసెంబరునకు 1,482 రూపాయలు. ఇవిగాక స్థిరమైన రుసుములు వేఱుగా నుండును. పలకలు పెట్టినను ఆ రుసుములు పోవు. కావున "బిల్లు సున్న" యను మాట తొలి పంక్తిలోనే తప్పు.

ఇందులో ఇల్లాండ్రు గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. పలకలు ఉత్పత్తి చేయు విద్యుత్తు మన బిల్లులోని పై మెట్లను, అనగా మిక్కిలి ప్రియమైన యూనిట్లను, ముందుగా తీసివేయును. అందువలన మొదటి కిలోవాటు చేయు మేలు ఐదవ కిలోవాటు చేయదు. ఇంటికి కావలసినదానికంటె ఎక్కువ పుట్టిన విద్యుత్తు గ్రిడ్డులోనికి పోవును. నెట్ మీటరు దానిని లెక్క పెట్టును. కాని ఆ మిగులుకు వచ్చు వెల మనము కొను పై మెట్టు వెలకంటె చాల తక్కువ. నలుగురికి నాలుగు సోలల బియ్యము వండవలసిన యింట ఎనిమిది సోలలు వండి, మిగిలినది చౌకగా అమ్ముకొందమనుట వంటిది.

రెండవది, పరిమాణము. చిన్నది 540 వాట్ల పలకలు ఆఱు వ్రాసినది, మొత్తము 3.24 కిలోవాట్లు. నీడ లేనిచోట ఒక కిలోవాటు పలకలు ఇచ్చట దినమునకు సగటున నాలుగు యూనిట్ల నిచ్చును. ఆ లెక్కకు దినమునకు పదుమూడు రావలెను. అది పదుమూడు వ్రాసి, కొట్టివేసి, పదునొకండు వ్రాసినది. "ఏల తగ్గించితివి?" అంటిమి. "దుమ్మున్నది పిన్నీ, ముసురు దినములున్నవి, ఉదయమున కొంత నీడ యున్నది. ఎక్కువ వచ్చిన ఆమె సంతోషించును, తక్కువ వచ్చిన నన్ను పిలుచును" అన్నది.

మూడవది, వెల. పలకలు, ఇన్వర్టరు, ఇనుప చట్రము, తీగలు, పిడుగు రక్షణ, నేలతీగ, పనివారి కూలి, నెట్ మీటరు దరఖాస్తు, పన్ను అను వానిని విడివిడిగా వ్రాయవలెను. మొత్తము వెల నొక్కదానినే చూపు పత్రము బజారు చీటీ వంటిది కాదు, మూసిన సంచి వంటిది. వేసవిలోని రంగుల పత్రమున పలకలపై పాత జి.ఎస్.టి. లెక్క యుండెను, 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి అది 12 శాతమునుండి 5 శాతమునకు తగ్గినది. పాత ప్రపోజలుపై సంతకము చేయుటకు ముందు తేదీ చూడవలయుననుటకు ఇది నిదర్శనము. చిన్నదాని లెక్కకు అన్నియు కలిసి 1,95,000 రూపాయలు తేలినది.

నాలుగవది, సబ్సిడీ. కేంద్ర ప్రభుత్వము వారు 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకము క్రింద నివాస గృహములకు రెండు కిలోవాట్ల వఱకు కిలోవాటునకు 30,000, మూడు గాని అంతకు మించి గాని యైన మొత్తము 78,000 రూపాయలు. మూడు పెట్టినను 78,000; ఐదు పెట్టినను 78,000. ఈ మాటను అమ్మువారు తఱచుగా మెల్లగా చెప్పుదురు. పలకలు మనదేశమున తయారైనవి కావలెను. పెట్టువారు ఆ పథకమున నమోదైనవారు కావలెను. డబ్బు పని ముగిసిన పిదప నేరుగా ఇంటివారి బ్యాంకు ఖాతాలో పడును. స్టూడియోలకు, దుకాణములకు ఇది వర్తింపదు.

అంతట నికరపు వెల 1,17,000. నెలకు సగటున 2,300 రూపాయల ఆదా యనుకొన్న, నాలుగేండ్ల మూడు నెలలకు పెట్టుబడి తిరిగి వచ్చును. చిన్నది "అయిదేండ్లు" అని వ్రాసినది. పలకలకు సాధారణముగా ఇరువదియైదేండ్ల హామీ యుండును. అయినను ఏటేట కొంచెము కొంచెముగా బలము తఱుగును. ఇన్వర్టరు అంతకాలము రాదు. నడుమ నొకమాఱు మార్చవలసి వచ్చును. ఆ ఖర్చును కూడ వ్రాసినది. పదునైదు దినముల కొకమాఱు ఉదయమున, ఎండ కాయకముందు, పలకలను మంచి నీటితో కడుగవలయుననియు, మధ్యాహ్నము కాగిన అద్దముపై చన్నీళ్లు పోయరాదనియు వ్రాసినది.

ఇంతవఱకు బాగుగనే యున్నది. అప్పుడు చిన్నది కలము క్రింద పెట్టినది. "పిన్నీ, ఆవిడ అడిగినది ఇది కాదు" అన్నది.

మా కప్పుడు పగటి చూపు జ్ఞప్తికి వచ్చినది. బ్యాటరీ లేక గ్రిడ్డుతో కూడి పనిచేయు ఇట్టి యమరికలో, వీధి కరెంటు పోయిన తక్షణమే ఇన్వర్టరు కూడ ఆగిపోవును. పట్టపగలు మండుటెండ కాయుచున్నను ఆగును. తీగలమీద పనిచేయు లైనుమానునకు మన మేడనుండి వచ్చు విద్యుత్తు తగిలి ప్రాణము పోకుండుటకై ఆ ఏర్పాటు చేసియున్నారు. ఇక రాత్రి సంగతి చెప్పనక్కఱలేదు. అనగా ఆ యిల్లాలు ఏ భయముచేత చీటీ డబ్బంతయు తీయ సిద్ధపడినదో, ఆ భయమును ఈ పలకలు తీర్చజాలవు. మూడు కిలోవాట్లైనను తీర్చవు, ఐదైనను తీర్చవు. రంగుల పత్రమున ఈ సంగతి ఒక్క మాట లేదు.

చిన్నది యజమానికి ఫోను చేసినది. ఆయన దుష్టుడని మేము చెప్పము. ఆఫీసునకు అద్దె, నలుగురు పనివారికి జీతము, నెల తిరుగునప్పటికి ఇన్ని కిలోవాట్లు అమ్మవలయునను తొందర. ఆయన చెప్పినది ఇంతే: "వారు ఐదు అడిగినప్పుడు నీవు మూడు వ్రాయుట యేల? కరెంటు పోయిన సంగతి వారడిగిన నోటితో చెప్పుము. కాగితముమీద వ్రాసి బేరము చెడగొట్టుకొందువా? నీ ఉద్యోగము ఇంకను కాయము కాలేదు సుమా."

ఫోను పెట్టివేసి చిన్నది చాలసేపు మాటాడలేదు. దాని తండ్రి పోయి మూడేండ్లైనది. తమ్ముని ఫీజు దాని జీతముమీదనే నడచుచున్నది. "నిజము వ్రాయుము, ఉద్యోగము పోయిన పోనిమ్ము" అని చెప్పుట పుస్తకములు చదువుకొన్న మా వంటివారికి సులభము. ఆ ఫీజు మేము కట్టగలవారము కాము. కాబట్టి అట్లు చెప్పలేదు. "ఆ యంత్రము ఒక రాత్రి ఆగినయెడల, ఆవిడ మొదట నెవరికి ఫోను చేయును?" అని మాత్రమడిగితిమి. "నాకే" అన్నది. మఱి కాసేపటికి, "ఆ మాటయే ఆయనకును చెప్పెదను" అని తిరిగి ఫోను తీసికొన్నది.

ఏమి చెప్పినదో పూర్తిగా వినలేదు; మేము పాలు తోడు పెట్టుటకు లోపలికి పోయితిమి. ఆయన "వ్రాయుము, పోయినయెడల ఆ బేరము నీ లెక్కలోనిది" అని యొప్పుకొన్నట్లు తెలిసినది. అప్పుడు పత్రము కడపటి పుటలో "ఈ యమరిక చేయనివి" అను శీర్షిక పెట్టి నాలుగు వాక్యములు వ్రాసినది. కరెంటు లేనప్పుడు ఇది పనిచేయదు. రాత్రి విద్యుత్తు నీయదు. బిల్లు సున్న కాదు. దక్షిణపు గోడ ఇంకను లేచినయెడల ఉత్పత్తి తగ్గును. దాని క్రింద నింకొక సలహా: రోగి యంత్రము రమారమి 350 వాట్లది గనుక, దానికి వేఱుగా నొక చిన్న ఇన్వర్టరును, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీని పెట్టుకొన్న రెండు మూడు గంటలు నడచును, దానికి రమారమి పాతికవేలగును, వైద్యుని అడిగి ఒక ప్రాణవాయు సిలిండరును కూడ ఇంట నుంచుట మేలు. ఆ బ్యాటరీ సామాను దాని సంస్థవారు అమ్మునది కాదు.

మఱునాడు పోయి ఇచ్చినప్పుడు ఆ యిల్లాలు కండ్లద్దములు పెట్టుకొని, వ్రేలితో పంక్తి వెంట పంక్తి చదివినది. కడపటి పుటకు వచ్చి ఆగినది. "అయితే నాకు వారు చెప్పినది..." అని, మాట ముగింపక, యంత్రము వైపు చూచినది. చిన్నది తల వంచుకొన్నది. పెద్దాయన మంచముమీదనుండి, "ముందు బ్యాటరీ కొనుము. సూర్యు డెచ్చటికి పోవును?" అనెను.

అట్లే చేసిరి. ఆ వారమే బ్యాటరీయు సిలిండరును వచ్చినవి. సోలారు సంగతి పూనాలో నున్న కుమారునితో సంప్రదించి, నెలదినములకు మూడు కిలోవాట్లకే ఒప్పుకొనిరి. ఆలోపల చిన్నది ఆ నెల లెక్కలో ఏమియు చూపజాలక మాటలు పడినది. వచ్చిన కమిషను కూడ ఐదు కిలోవాట్లకు రావలసినంత కాదు. ఉద్యోగము మాత్రము నిలిచినది. పెద్దావిడ తన డబ్బులో కొంత వైద్యమునకు మిగుల్చుకొన్నది.

పలకలు పెట్టకముందు ఆశ్వయుజములోనే చిన్నది మేడమీద, తన లెక్క ప్రకారము డిసెంబరు మధ్యాహ్నపు నీడ ఎంతవఱకు వచ్చునో అంతవఱకు ముగ్గుపిండితో గీత గీచి, దానిపై సున్నము వేయించినది. డిసెంబరు 22వ తేదీనాడు మేము పేరంటమునకు ఆ వైపు పోవలసివచ్చి, పన్నెండు దాటిన పిదప మేడ యెక్కి చూచితిమి. గోడ నీడ ఆ గీతకు నాలుగు వ్రేళ్ల దూరములో నిలిచియుండెను. దానికి ఉత్తరముగా ఆఱు పలకలును ఎండలో నున్నవి. దక్షిణపు భాగము ఖాళీగా నున్నది. "వేసవిలో ఇదంతయు వడియములకే" అని ఆ యిల్లాలు చెప్పినది.

సోదరీమణులారా, మీ యింటికి ఇట్టి పత్రము వచ్చినప్పుడు, మగవారు సంతకము పెట్టుటకు ముందు ఈ ప్రశ్నలు అడుగుడు. మా పండ్రెండు నెలల బిల్లులును చూచితిరా? చలికాలపు నీడ లెక్క కట్టితిరా? మాకు కావలసినదానికంటె ఎక్కువ పెట్టుటవలన మాకేమి లాభము? ఏ వస్తువునకు ఎంత వెల, ఎన్నేండ్ల హామీ, అది ఎవరిచ్చునది? కరెంటు పోయిన గడియలో ఏమి జరుగును? ఈ యమరిక చేయనిదేమో వ్రాసి యిత్తురా? కడపటి ప్రశ్నకు వ్రాసి యిచ్చినవారిని నమ్మవచ్చును. నోటితో చెప్పెదమనువారిని మఱియొకమాఱు రమ్మనుడు.

ఇంజనీరింగు చదువకపోయినను మనకీ విషయమున తెలిసినది కొంచెము కాదు. ఏ మాసమున ఏ మూలకు ఎండ వచ్చునో, ఏ గోడ లేచిన పిదప ఏ చీర ఆఱలేదో మేడమీద తిరుగు ఇల్లాలికి తెలిసినంతగా, ఒక్క మధ్యాహ్నము కొలటేపుతో వచ్చినవానికి తెలియదు. అడుగువారు లేక ఆ తెలివి మనయొద్దనే యుండిపోవుచున్నది. అడుగకున్నను మీరే ముందుగా చెప్పుడు.

వచ్చు మాసమున వేసవి నీటి పొదుపును గుఱించి వ్రాయదలచితిమి. అంతవఱకు సెలవు.